దువ్వెన కోసం క్షవరం

రేగులగుట్ట కింద వాగు ఒడ్డున, రెండు బండరాళ్ల మధ్య నీడలో, జంబులింగం అనే నక్క క్షవరం కొట్టు పెట్టాడు. సంతకు పోతూ ఎవరో క్షవరాలాయన వాగు దగ్గర సంచీ మరిచిపోతే అది జంబులింగానికి దొరికింది. అందులో కత్తెర, కత్తి, కొత్త గంధపు చెక్క దువ్వెన ఉన్నాయి. కత్తెర పట్టడం నక్కకు రాదు కాబట్టి చంగయ్య అనే కోతిని పనికి పెట్టుకున్నాడు.

కొట్టయితే తెరిచాడు గానీ బేరాల్లేవు. అడవిలో జుట్టు కత్తిరించుకునేదెవరు? తాబేలుకి జుట్టే లేదు. ముళ్లపంది వస్తే చంగయ్య చెట్టెక్కి కూర్చుని, ఆయన వెళ్లిపోయేదాకా దిగలేదు. వాడుకగా వచ్చేది సుంకమ్మ అనే గొర్రె ఒక్కతే. ఎండలు ముదిరితే ఒంటి మీద ఉన్ని బరువుకి ఆవిడకి ఊపిరాడదు. వచ్చి కత్తిరించుకుని, ఊళ్లో తనకు పెట్టిన ఉలవల్లోంచి దోసెడు ఇచ్చి పోయేది. ఉలవలతో కోతి కడుపు నిండింది. నక్కకి మాత్రం నాలుక తేనె మీద ఉంది.

"చంగయ్యా, అవసరం ఉన్నవాళ్లను నమ్ముకుంటే ఇట్లాగే ఉలవలు నములుతూ కూర్చుంటాం," అన్నాడు జంబులింగం. "అవసరం లేనివాళ్లు రావాలి. వాళ్లు చాలామంది ఉన్నారు."

"అవసరం లేకపోతే ఎందుకొస్తారు?"

"బహుమతికి వస్తారు."

మర్నాడు కొట్టు ముందు దువ్వెన వేలాడుతోంది. పక్కన మోదుగాకుల కట్ట. వచ్చినవాళ్లందరికీ ఒక ఆకు ఇస్తారు. ఒక క్షవరానికి ఆకులో ఒక చిల్లు. పది చిల్లులు పడితే గంధపు దువ్వెన ఉచితం. ఒకటే షరతు, ఆకు ఎండిపోకముందే పదీ పూర్తి కావాలి.

ఆ పొద్దున నీళ్లు తాగడానికి వాగుకొచ్చాడు గుబురయ్య. ఆయన ఎలుగుబంటి. కొండకి ఈ పక్కనా ఆ పక్కనా అంత ఒత్తైన, నల్లని జుట్టు ఇంకెవరికీ లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. నీళ్లు తాగడానికంటే నీళ్లలో తన నీడ చూసుకోడానికే ఎక్కువసేపు వంగి ఉంటాడని భార్య నేరేడమ్మ అంటుంది.

"గుబురయ్య బావా, ఇటు రా ఒకసారి!" పిలిచాడు జంబులింగం. "ఈ దువ్వెన చూశావా? గంధం. దీన్ని ఇక్కడ కట్టాను గానీ, పెట్టుకునే జుట్టేదీ? అడవంతా వెతికాను. నీ జుట్టు తప్ప ఏదీ దీనికి తగదు."

గుబురయ్య దువ్వెన వాసన చూశాడు. కళ్లు మూసుకుపోయాయి. "ఎంతకిస్తావు?"

"అమ్మేది కాదు బావా. ఉచితం. నీలాంటి పెద్దమనిషికి చేరగానే రెండు చిల్లులు కూడా ఉచితం." నక్క ఆకు నోట్లో పెట్టుకుని కటుక్కు కటుక్కుమని రెండుసార్లు కొరికి ఇచ్చాడు. "ఇక ఎనిమిదే. ఒక్కో క్షవరానికి ఒక్క తేనెపట్టు. నీకు తేనె లెక్కా?"

గుబురయ్య ఆకుని అరచేతిలో పెట్టుకుని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఇంటికి తీసుకెళ్లాడు.

"ఏమే, రెండు చిల్లులు వచ్చేశాయి!"

నేరేడమ్మ పిల్లలిద్దరికీ చెదలపుట్ట తవ్వి పెడుతోంది. ఆకు చూసింది. "పురుగు కొట్టిన ఆకు. ఎందుకు తెచ్చావు?"

గుబురయ్య మొత్తం చెప్పాడు. ఆవిడ మట్టి దులుపుకుంది.

"నీకు క్షవరం ఎందుకయ్యా?"

"క్షవరం కోసం కాదే. దువ్వెన కోసం."

"దువ్వెనలో పళ్లున్నాయా, తినడానికి?"

"నీకు చెప్పి లాభం లేదు. రెండు చిల్లులు ఊరికే వచ్చాయి. వాటిని వదిలేస్తే నష్టం ఎవరికి?"

రాని దువ్వెన పోతే నష్టమెలా అవుతుందో ఆవిడకి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

మొదటి రోజు తల మీద జుట్టు పోయింది. చంగయ్యకి గొర్రెనే అలవాటు కాబట్టి గొర్రెని కత్తిరించినట్టే నున్నగా చర్మం దాకా తీసేశాడు. "చల్లగా ఉంది," అన్నాడు గుబురయ్య. రెండోరోజు మెడ, మూడోరోజు వీపు. రోజూ కొండ మీద పెద్దబండకి ఎక్కడం, ఒక తేనెపట్టు కోసుకొని కొట్టుకి తెచ్చివ్వడం. ఇంట్లో పిల్లలు తేనె అడిగితే, "ఇంకొన్నాళ్లు ఆగండి, దువ్వెన వస్తుంది," అనేవాడు.

పనంతా ఒక ఎత్తు, ఆకు ఒక ఎత్తు. అది వాడిపోతోంది. గుబురయ్య గంటకోసారి వాగుకి పరుగెత్తి ఆకుని తడిపేవాడు. నాచులో చుట్టి పెట్టేవాడు. ఎండ తగలకుండా దాని మీద తను నీడ పట్టి నిలబడేవాడు. చెదలపుట్టలు తవ్వడం మానేశాడు. ఇప్పపూలు ఏరడం మానేశాడు. ఒకసారి చిన్నపిల్ల ఆకు మీద కాలు పెట్టబోతే, గుబురయ్య అరిచిన అరుపుకి ఆ పిల్ల గుహ లోపలికి పారిపోయింది. నేరేడమ్మ లోపలికి వెళ్లి పిల్లని ఒళ్లోకి తీసుకుంది.

మంగళవారం వచ్చింది. ఆ రోజు ఎవరూ క్షవరం చేయించుకోరు. అందుకే నక్క ఆ రోజుకి కొత్త కబురు పెట్టాడు. "మంగళవారం జంట చిల్లులు! ఒక క్షవరానికి రెండు!"

గుబురయ్య తెల్లారేసరికి కొట్టు ముందు బండ మీద బోర్లా పడుకుని ఉన్నాడు. తర్వాత వెల్లకిలా తిరిగాడు, ఎందుకంటే ఆ రోజు పొట్ట వంతు. వాగులో నీళ్లు తాగడానికి వచ్చిన సుంకమ్మ పక్కనే నిలబడి నెమరేస్తోంది.

"సుంకమ్మా, నీకెన్ని చిల్లులయ్యాయి?" అడిగాడు గుబురయ్య, గొప్పగా తన ఆకు పైకెత్తి.

"నా ఆకు తినేశాను."

"తినేశావా!"

"ఇచ్చిన రోజే. లేతగా ఉంది."

"అయ్యో, దువ్వెన పోయింది కదా!"

"నేను ఉన్ని తీయించుకోడానికి వచ్చాను అన్నా. ఉన్ని పోయింది, ఆకు కూడా దొరికింది." సుంకమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "మీరు దేనికొచ్చారో నాకు ఇంకా అర్థం కాలేదు."

గుబురయ్య జాలిగా నవ్వాడు. పాపం, ఈవిడకి లెక్కలు రావు అనుకున్నాడు.

ఆ తర్వాత రెండు రోజుల్లో రెండు చేతులూ అయ్యాయి. తన లెక్క ప్రకారం తొమ్మిది చిల్లులు. ఇంక ఒక్కటే. జంబులింగం ఆకుని వెలుతురులో పట్టుకుని చూసి, పళ్ల మధ్య నుంచి గాలి పీల్చాడు.

"బావా, ఏడే ఉన్నాయి."

"తొమ్మిది!"

"ఇదిగో, ఈ రెండు చిల్లులూ కలిసిపోయి ఒకటయ్యాయి. ఈ అంచు దగ్గరిది చిరిగింది. చిరిగింది లెక్కలోకి రాదు."

"అది ముందే చెప్పలేదే?"

"ఆకు వెనకాల రాసి ఉంది."

గుబురయ్య ఆకు తిప్పాడు. "వెనకాల ఈనెలే ఉన్నాయి!"

"ఆ ఈనెలే నిబంధనలు, బావా. చదవడం రాకపోతే సంతకం పెట్టేముందు నన్నడగాలి."

"నేను సంతకం పెట్టలేదు!"

"పెట్టకుండానే చేరావా? పోనీలే, మనవాడివని వదిలేస్తున్నాను."

వదిలేసినందుకు గుబురయ్య దండం కూడా పెట్టాడు. ఏడు చిల్లుల దాకా వచ్చి వెనక్కి తగ్గితే ఎలా? పెట్టిన తేనె అంతా వృథా అవుతుంది కదా అని, రెండు కాళ్లూ చేయించుకున్నాడు. తొమ్మిది. ఇక ఒంటి మీద మిగిలింది తోక ఒక్కటే. ఎలుగుబంటి తోక ఎంత ఉంటుందో మీకు తెలుసు. దాని మీద ఒక కుచ్చు వెంట్రుకలు.

"చాలు," అన్నాడు జంబులింగం. "కుచ్చు ఉంటే చిల్లు ఉంది. పోయి తేనెపట్టు పట్రా."

ఇక్కడే వచ్చింది చిక్కు. ఇన్నాళ్లూ గుబురయ్య పెద్దబండ ఎక్కితే తేనెటీగలు ఆయన జుట్టులో చిక్కుకుని, దారి తెలియక, విసిగి వెనక్కి పోయేవి. కాళ్లూ చేతులూ ఒక్కొక్కటే బోడి అవుతున్న కొద్దీ కుట్లు పెరిగాయి గానీ, దువ్వెన ధ్యాసలో పట్టించుకోలేదు. ఈసారి ఒళ్లంతా గుమ్మడికాయలా నున్నగా ఉంది.

కాపలా ఈగల పెద్ద జుంటమ్మ పైనుంచి చూసింది. "ఎవరే అది? పందిలా ఉంది. పంది బండ ఎక్కడం ఎప్పుడైనా చూశామా?"

"లేదమ్మా," అన్నాయి మిగతావి.

"అయితే దించండి."

గుబురయ్య దిగలేదు, పడ్డాడు. లేచి మళ్లీ ఎక్కాడు. మళ్లీ పడ్డాడు. మూడోసారి ఒక పట్టు చేతికి చిక్కింది. దాన్ని పట్టుకుని, కేకలు వేసుకుంటూ, కొట్టు దాకా ఒకటే పరుగు. చంగయ్య తోక కత్తిరించాడు. నక్క పదో చిల్లు కొరికాడు. దువ్వెన గుబురయ్య చేతికొచ్చింది.

ఆయన ఏడ్చాడు. సంతోషమా, కుట్లా అని అడిగితే చెప్పలేకపోయేవాడు.

ఇంటికి వచ్చేసరికి నేరేడమ్మ గుహ ముందు కూర్చుని ఉంది. బోడిగా, ఎర్రగా, అక్కడక్కడా బూరెల్లా ఉబ్బిన ఒక జంతువు పిల్లల వైపు నవ్వుతూ రావడం చూసి, పక్కనున్న కట్టె అందుకుని ఎదురెళ్లింది. రెండు దెబ్బలు పడ్డాక, "నేనే! నేనేనే!" అన్న గొంతు గుర్తుపట్టింది.

"ఏమయ్యా ఇది!"

"దువ్వెన వచ్చింది," అన్నాడు గుబురయ్య వాచిన పెదాలతో. "ఉచితంగా."

నేరేడమ్మ కట్టె కింద పెట్టింది. దువ్వెన తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది. "ఏదీ, దువ్వుకో."

గుబురయ్య దువ్వెన నెత్తికి ఆనించాడు. చర్మం మీద కర్రుమంది. వీపు వైపు తిప్పాడు. కర్రుమంది. చేతి మీద, పొట్ట మీద, కాలి మీద పెట్టి చూశాడు. అప్పుడు నెమ్మదిగా కూర్చున్నాడు. పిల్లలిద్దరూ దగ్గరికొచ్చి, ఒకరు ఆయన భుజం తాకి, "నాన్నా, చలేస్తోందా?" అని అడిగారు. ఎండాకాలంలో ఎలుగుబంటిని అలా ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. గుబురయ్య తల దించుకున్నాడు.

"వానలు వస్తున్నాయి," అంది నేరేడమ్మ. గొంతులో కోపం లేదు, అదే ఆయనకి మరీ కష్టమనిపించింది. "ఒంటి మీద జుట్టు లేదు. నువ్విక బండ ఎక్కలేవు. ఇంట్లో ఒక్క తేనెచుక్క లేదు. పిల్లలకి ఏం పెడదాం?"

"నాది తప్పేనే," అన్నాడు గుబురయ్య. "ఆ రెండు చిల్లులు ఊరికే వచ్చాయని..."

"సరేలే. పెద్దపిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకో, వెచ్చగా ఉంటుంది." అని చెప్పి నేరేడమ్మ వాగు దారి పట్టింది.

నక్క కొట్లో రాతి సందున ఎనిమిది తేనెపట్లు వరసగా ఉన్నాయి. తొమ్మిదోది అప్పుడే నాకడం పూర్తిచేసిన జంబులింగం, నేరేడమ్మ నిగనిగలాడే జుట్టు చూసి లేచి నిలబడ్డాడు. సుంకమ్మ అక్కడే గడ్డి మేస్తోంది.

"రా అక్కా! బావ దువ్వెన చూశావా? నీకూ ఒక ఆకు ఇవ్వనా?"

"నాకు వద్దులే తమ్ముడూ. నీకు బేరాలు కావాలంటే చెప్పు, నాకు తెలిసినవాళ్లని తీసుకొస్తాను. నాకేమిస్తావు?"

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒక్క ఎలుగుబంటితో తొమ్మిది పట్లు వచ్చాయి. ఆవిడ చుట్టాలంతా వస్తే! "కొత్తవాళ్లని ఒక్కొక్కరిని చేరిస్తే నీకు ఒక్కో తేనెపట్టు నజరానా. సరేనా?"

"ఎవరినైనా?"

"ఒంటి మీద వెంట్రుక ఉంటే చాలు."

"ఎంతమందినైనా?"

"ఎంతమందైనా! జంబులింగం మాట అంటే మాటే."

"సుంకమ్మ వదినా, విన్నావుగా?"

"విన్నాను," అంది సుంకమ్మ, నెమరు ఆపకుండా.

అక్కడి నుంచి నేరేడమ్మ పెద్దబండ కిందకి వెళ్లి నిలబడింది. ఎక్కలేదు.

"జుంటమ్మా, కుట్టకు. ఒక మాట చెప్పి పోతాను."

"ముందు మాట చెప్పు. కుట్టాలో వద్దో తర్వాత చూస్తాం."

"మీ దగ్గర పోయిన పట్లు మా ఇంటికి రాలేదు. వాగు దగ్గర నక్క కొట్లో ఎనిమిది ఉన్నాయి."

జుంటమ్మ రెక్కలు గుయ్యిమన్నాయి. "మీ ఆయన తిన్నాడనుకున్నామే!"

"తింటే బాగుండేది. కడుపన్నా నిండేది." నేరేడమ్మ నక్క ఇచ్చిన మాటంతా చెప్పింది. "మీరొస్తే నాలుగు పట్లు మీకు, నాలుగు నా పిల్లలకి. మా ఆయనకి జుట్టు మొలిచేదాకా మాలో ఎవరం ఈ బండ ఎక్కం."

"మొలిచాక?"

నేరేడమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "మొలిచాక ఎక్కుతాం."

"నిజం చెప్పావు," అంది జుంటమ్మ. "పద."

మర్నాడు పొద్దున జంబులింగం ఆకులు సర్దుకుని, కూర్చునే రాయి తుడిచి, ఎలుగుబంట్ల గుంపు కోసం ఎదురుచూస్తున్నాడు. గుంపు వచ్చింది. కాళ్ల మీద రాలేదు. గుట్ట వైపు నుంచి నల్లటి మబ్బులా, గుయ్యిమంటూ వచ్చి కొట్టు నిండా, రాయి నిండా, ఆకుల కట్ట నిండా వాలింది. వెనకాలే నేరేడమ్మ నడుచుకుంటూ వచ్చింది.

"నాలుగు వేలమందిని తెచ్చాను తమ్ముడూ. ఇంకొంతమంది పిల్లల్ని చూసుకోడానికి ఇంట్లో ఆగారు."

"ఇదేంటక్కా! ఈగలా!"

"ఒంటి మీద నూగు ఉందో లేదో చూసుకో."

జుంటమ్మ రాయి మీద కూర్చుంది. "మొదటి క్షవరం నాదే. కానీ జాగ్రత్త, నాకు చక్కిలిగింతలెక్కువ."

చంగయ్య కత్తెర తెరిచాడు, వంగి చూశాడు, కళ్లు చికిలించాడు. "అయ్యా, ఈవిడకి తల ఎటువైపు, వీపు ఎటువైపు?" జుంటమ్మ వెనక్కి తిరిగి తన ముల్లు చూపించింది. చంగయ్య కత్తెర చంకలో పెట్టుకుని చెట్టెక్కేశాడు. "నేను గొర్రెలకే సరిపోతానయ్యా!" అన్నాడు పైనుంచి.

"ఆయన చేస్తాడో చేయడో నాకనవసరం," అంది నేరేడమ్మ. "నేను చేర్చాను. నాలుగు వేల పట్లు ఇప్పించు."

"నా దగ్గర ఎనిమిదే ఉన్నాయి!"

"ముందు ఆ ఎనిమిదీ ఇవ్వు."

నక్క చుట్టూ చూశాడు. గబుక్కున ఒక ఆకు లాగి వెనక్కి తిప్పాడు. "ఆగండాగండి! వెనకాల రాసి ఉంది! ఇదిగో ఈ ఈనె చూడండి, 'ఈగలకు వర్తించదు' అని!"

జుంటమ్మ ఎగిరి ఆకు మీద వాలింది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచింది. "తమ్ముడూ, నేను పుట్టినప్పటి నుంచీ ఆకుల మీదే తిరుగుతున్నాను. ఈనెల్లో పారేది నీళ్లు. అక్షరాలు కాదు."

"అబద్ధం కూడానా!" అన్నాయి నాలుగు వేల ఈగలు ఒక్కసారిగా.

ఆ తర్వాత జరిగింది సుంకమ్మ ఊళ్లో గొర్రెలన్నిటికీ చాలారోజులు చెప్పింది. నక్క మొదట కుడివైపు దూకాడు, తర్వాత ఎడమవైపు దూకాడు, తర్వాత ఉన్నచోటే పైకి దూకాడు. చివరికి వాగులోకి దూకి, ముక్కు కొస తప్ప మిగతా అంతా నీళ్లలో పెట్టాడు. ఈగలు వంతులు వేసుకుని ఆ ముక్కు కొస దగ్గర కాపలా కాశాయి.

నాలుగు పట్ల తేనె ఈగలు పొట్టల్లో నింపుకుని పోయాయి. నాలుగు నేరేడమ్మ ఇంటికి మోసుకుపోయింది. వానాకాలమంతా ఆ తేనె పొదుపుగా నాకుతూ, చెదలపుట్టలు తవ్వుకుంటూ గడిపారు. తవ్వడం గుబురయ్య పనే. ఒళ్లు వెచ్చబడుతుందని తనే అడిగి తీసుకున్నాడు. కార్తీకం నాటికి వీపంతా నల్లగా, కురచగా జుట్టు మొలిచింది. పిల్లలు రోజూ చెయ్యి పెట్టి ఎంత పెరిగిందో చూసేవాళ్లు, ఆయన కదలకుండా కూర్చునేవాడు. చంగయ్య కత్తెర పట్టుకుని గొర్రెల మందలోకే పోయి, ఉలవలకి పనిచేసుకుంటూ హాయిగా ఉన్నాడు.

జంబులింగం పొద్దు వాలేదాకా వాగులో నానాడు. ఒడ్డెక్కేసరికి కొట్లో తేనె లేదు, కోతి లేడు, కత్తెర లేదు, ముక్కు మాత్రం తన ముక్కుకి మూడింతలుంది. ఆ ముక్కుని ముందు పెట్టుకుని రేగులగుట్ట దాటి పోయాడు.

ఊరికే వస్తోందని దేనికోసమైనా పరుగు మొదలుపెట్టే ముందు, అది ఇవ్వకపోయినా ఈ పని చేసేవాళ్లమా అని మనల్ని మనం ఒక్కసారి అడిగి చూసుకోవాలి.